కారే పైకప్పు

వస్తున్నాయి. బుడగలు వస్తున్నాయి కాబట్టి ఆయన ఉన్నాడు, ఆయన ఉన్నాడు కాబట్టి నేను ఈ పడవ అంచు మీద బుద్ధిగా కూర్చోవాలి, కూర్చోలేకపోతున్నాను. కాలు కాలిన పిల్లిలా ముందుకీ వెనక్కీ తిరిగి, సరంగు చేత "వదినా, పడవ ఊగుతోంది, కాస్త కూర్చోండి" అనిపించుకుని, మళ్లీ వచ్చి ఈ చెక్క మీదే కూలబడ్డాను. ముక్కు దిబ్బడేసింది. నిన్న సాయంత్రం ఒక్క తుమ్ము తుమ్మాను, తెల్లారేసరికి తల గుమ్మడికాయంత అయింది. జలుబు చేసినవాళ్లు నీళ్ల కిందికి దిగకూడదు. ముక్కు పూడుకుపోతే చెవి లోపలికి గాలి అందదు, గాలి అందకపోతే దిగేకొద్దీ నీళ్లు బయటి నుంచి కర్ణభేరిని తోసి తోసి చివరికి చింపేస్తాయి. నీళ్ల కిందికి దిగడానికి మా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకీ ఈ పాఠం చెప్పేది నేనే, చిన్న పడిశమే కదండీ అని ఎవరైనా నసిగితే మొహమాటం లేకుండా పైన కూర్చోబెట్టేదీ నేనే. ఆ మొట్టికాయ ఇవాళ నా నెత్తినే పడింది. పైన కూర్చుని చూడటం ఎంత కష్టమో నాకు తెలీదు, ఎప్పుడూ కిందే ఉండేదాన్ని. కింద ఉంటే పని ఉంటుంది, గాలి మీటరు చూసుకోవాలి, ఆయన్ని చూసుకోవాలి, వచ్చినవాళ్లు పగడాలు గిల్లకుండా కాపలా కాయాలి. పైన ఏముంది, నీళ్లు, ఎండ, మళ్లీ నీళ్లు. ఆ నీళ్ల మధ్య, అడుగున మునిగి ఉన్న లాంచీ నడిమి భాగం ఉన్నచోట, తెల్లగా లేచి పగిలిపోతున్న బుడగలు. ప్రస్తుతానికి అవే నా మొగుడు, కళ్లార్పకుండా చూస్తున్నాను.

కింద ఉన్నవి రెండు ఓడలు. ఒకటి పెద్ద ఓడల్ని లాగే టగ్గు, పొట్టిగా బొద్దుగా ఉంటుంది, బొండాం అని పిలుచుకుంటాం. రెండోది లాంచీ, మా లాంచీ. పని అయిపోయిన ఓడల్ని కావాలనే ముంచితే చేపలు వచ్చి చేరతాయని, ఇనుము మీద పగడాలు పట్టి మెల్లగా దిబ్బ అవుతుందని ముంచారు. ముంచేముందు పెళ్లికూతుర్ని చేసినట్టు చేశారు, నూనె చుక్క మిగలకుండా తోడి, అద్దాలు ఊడదీసి, తలుపులు పీకి, లోపలికి వెళ్లినవాళ్లు చిక్కుకోకుండా గోడలకి మనిషి పట్టేంత కంతలు కోశారు. చెప్పినట్టే చేపలు వచ్చాయి. టికెట్ల గదిలో ఒక లావుపాటి మచ్చల చేప కాపురం పెట్టింది, ఎవరు తొంగిచూసినా టికెట్టు లేనివాణ్ణి చూసినట్టు చూస్తుంది. ఈత మాత్రమే వచ్చినవాళ్లు మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని పైన బోర్లా తేలుతూ చూస్తారు, మాలాంటివాళ్లు సిలిండరు కట్టుకుని దిగి లోపల తిరుగుతాం. లోతు లేదు, పైకప్పు దగ్గర ఒక ఇంటి ఎత్తు నీళ్లు కూడా ఉండవు, ఆ అలుసే ఇక్కడ ప్రమాదం. ప్రయాణికులు కూర్చునే హాల్లో నిలబడి ఊపిరి వదిలితే ఆ గాలి పైకి పోయి పైకప్పుకి అంటుకుని పాదరసం ఒలికినట్టు మెరుస్తూ ఉంటుంది, అందులో మన మొహం కనిపిస్తుంది. ఒకసారి మా ఆయన దాని కింద నిలబడి, లేని దువ్వెనతో తల దువ్వుకున్నట్టు నటించాడు. నేను నవ్వి మాస్కు నిండా నీళ్లు నింపుకున్నాను. అదేమిటో, ఆ మనిషి నీళ్ల కింద ఉన్నంత సరదాగా ఇంట్లో ఉండడు, ఇంట్లో రిమోటు కోసం వెతుకుతూ ఉంటాడు. వస్తున్నాయి, ఇంకా వస్తున్నాయి.

"ఎండ నెత్తిన పెట్టుకుని ఎందుకే అలా, గొడుగులోకి రా." అత్తగారు. ఈవిడ ఇవాళ ఇక్కడ ఎందుకుందో తలుచుకుంటే నాకు సగం నవ్వు, సగం మంట. లాంచీని ముంచిన రోజు నుంచి ఈవైపు మొహం తిప్పి చూడని మనిషి. మామగారు ఆ లాంచీకి సరంగు, ఈవిడ అందులోనే వెనక మూల స్టవ్వు పెట్టి టీ అమ్మేది, మా ఆయన బెంచీల కింద పాకుతూ నడక నేర్చుకున్నాడు. వంతెన కట్టాక లాంచీ ఎక్కేవాళ్లే కరువయ్యారు. దాన్ని ముంచుతారని తెలిసినప్పుడు ఈవిడ "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్లిపోయింది. కొడుకు దాని చుట్టూ ఈదుతూ బతుకుతున్నాడని తెలిసినా ఎలా ఉందిరా అని ఏనాడూ అడగలేదు. వానపడ్డప్పుడు మాత్రం మాట జారేది. లాంచీ పైకప్పు కారేది అనేది. ఎన్ని మాట్లు వేసినా పక్కనే ఇంకోచోట కారేదని, మబ్బు పట్టిందంటే తను ఖాళీ పాల డబ్బాలు పట్టుకుని కారేచోటల్లా పెట్టుకుంటూ పోయేదని, టీలో వాననీళ్లు కలుపుతున్నావా అని ఎక్కినవాళ్లు ఏడిపించేవాళ్లని. అలాంటి మనిషి ఇవాళ పొద్దున చెప్పులు వేసుకుని, గొడుగు తీసుకుని, గుమ్మంలో నిలబడి, "నువ్వు దిగకపోతే వాణ్ణి చూసేదెవరు, నేనొస్తున్నా" అంది. నేనున్నానుగా అత్తయ్యా అన్నాను. నీకు తల తిరుగుతోందిగా అంది. నన్ను నమ్మదు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆవిడ లెక్కలో కొడుకుని అప్పగించిన కొత్త పనిమనిషిని నేను. గొడుగు వద్దన్నాను, గొడుగులోంచి బుడగలు కనబడవు.

ఒంటరిగా దిగకూడదన్నది మా మొదటి సూత్రం. ఒంటరిగా దిగడమేమిటని పొద్దున అరిచాను కూడా. మొన్నటి పోటుకి ఎవరిదో తెగిన వల కొట్టుకొచ్చి లాంచీకి చుట్టుకుంది, హాలు కిటికీల్లోంచి లోపలికి దూరి, వెనక చుక్కాని దాకా జుట్టు విరబోసుకున్నట్టు వేలాడుతోంది. రేపు బడి పిల్లలు వస్తున్నారు, పైన తేలుతూ చూడటానికే అయినా ఏ తుంటరిదో కాలు కిందికి వేస్తే అంతే సంగతులు. కాబట్టి ఇవాళే కోసెయ్యాలట. నాకు తగ్గాక ఇద్దరం వెళ్దాం, పిల్లల్ని ఎల్లుండి రమ్మందాం అన్నాను. "మోకాటి లోతు నీళ్లకి కూడా తోడు కావాలా? ముందు హాల్లో కోస్తా, తర్వాత వెనక కోస్తా, నీ కషాయం మరిగేలోపు వచ్చేస్తా" అన్నాడు. అత్తగారి ముందు నేను ఆయన్ని మీరు అంటాను, పోట్లాటలో నువ్వు అంటాను, నీళ్ల కింద చేతి సైగలతో సరి. పొద్దున అత్తగారి ముందే నువ్వు అన్నాను. నీ ఇష్టం, నువ్వు ఎవరి మాట విన్నావు గనక అన్నాను. ఆయన సిలిండరు వీపుకి ఎత్తుకుంటూ, ఎప్పటిలా వెనక్కి తిరిగి నిలబడ్డాడు, నేను పట్టీ సరిచేసి భుజం తట్టాలని. తట్టలేదు. సరంగు తట్టాడు. వీపు మధ్యలో దురద పుడితే గోక్కోలేని మనిషి, రోజూ రాత్రి గోడకి రుద్దుకుంటూ నన్ను పిలుస్తాడు, ఇంకాస్త పైకి, కాదు కిందికి, ఆఁ అక్కడ అంటాడు. నీళ్ల కింద తోడు అంటే ఇంతకన్నా ఏమీ లేదు, నీ చెయ్యి అందని నీ వీపు దగ్గర ఇంకొకరి చెయ్యి. ఆ మాట నేను వచ్చినవాళ్లకి నవ్విస్తూ చెప్తాను. ఇవాళ ఆ వీపు దగ్గర ఎవరూ లేరు.

ఎందుకిలా అనుకుంటున్నాను, బుడగలు వస్తుంటే. తుమ్ము వచ్చింది, కళ్లు మూసుకోవాల్సి వచ్చింది, తెరిచేసరికి పోయి ఉంటాయేమోనని భయపడ్డాను, పోలేదు, ఉన్నాయి. హాల్లోనే ఉన్నాడు. కిటికీలు ఎక్కువ, ఒక్కో కిటికీకీ ఒక్కో ముడి, నైలాను తాడు నాని బిగుసుకుపోయి ఉంటుంది, ఆలస్యం అవుతుంది మరి. సిలిండర్లో గాలి ఎంతసేపు వస్తుందో నాకు తెలుసు, ఆయన ఎంత పీలుస్తాడో తెలుసు, పని చేస్తుంటే ఎక్కువ పీలుస్తాడనీ తెలుసు, ఈ తెలిసినవన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోకూడదని గట్టిగా అనుకుంటున్నాను. సరంగు ఇంజను మూత తీసి ఏదో తుడుస్తున్నాడు. "వస్తున్నాయిగా వదినా, వచ్చేదాకా వస్తూనే ఉంటాయి" అన్నాడు, నన్ను ఊరుకోబెట్టడానికి. లాంచీ వెనక వైపు చూద్దామంటే అటే సూర్యుడు, నీళ్లన్నీ గాజుపెంకుల్లా మెరిసి కళ్లలో పొడుస్తున్నాయి. అత్తగారు గొడుగు మూసి ఒళ్లో పెట్టుకుని నాలాగే నీళ్లనే చూస్తోంది. మామగారు పోయినప్పటి చూపు ఇదే అయి ఉంటుంది. అప్పటికి నేను ఈ ఇంటికి రాలేదు, ఆవిడే ఒకసారి దుప్పట్లు మడత పెడుతూ ఉన్నట్టుండి చెప్పింది. ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నానే, దుప్పటి లేస్తోంది, పడుతోంది, హమ్మయ్య నిద్ర పట్టింది అనుకున్నాను, కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, దుప్పటి కూడా ఆగింది. అంతే చెప్పింది. నేను దుప్పటి రెండో కొస పట్టుకుని ఉన్నాను, ఇద్దరం మడత పూర్తి చేశాం, ఆవిడ దాన్ని బీరువాలో పెట్టింది. ఇప్పుడు ఇదెందుకు గుర్తొచ్చింది, ఛీ, నా నోరు కాదు, నా బుర్ర కడగాలి.

"అమ్మాయ్, వాడు ఇంతసేపు ఒక్కచోట నిలబడే రకమా?" అంది అత్తగారు.

"హాల్లో వల కోస్తున్నారు అత్తయ్యా. అవిగో బుడగలు, కనబడట్లేదూ?"

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఎంతసేపు చూసిందో. తర్వాత చాలా మెల్లగా, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు, "అవి వాడివి కావే" అంది. "ఊపిరైతే వస్తుంది, ఆగుతుంది, మళ్లీ వస్తుంది. ఇది ఆగట్లేదు, కారుతోంది. ఆ వరస చూడు. అది మెట్ల దగ్గరది, అది బెంచీల మీదది, ఆ చివరది నా స్టవ్వు మీదది. డబ్బాలు పెట్టినదాన్ని, నాకు తెలీదా? ఆ పైకప్పే కారుతోంది." ఆవిడ గొడుగు జారి కింద పడింది. "ఆ రోజు దుప్పటి కదిలినట్టే కదులుతోందే తల్లీ."

పాదరసం. పైకప్పు కింద పాదరసం, అందులో తల దువ్వుకుంటున్న ఆయన. వదిలిన ఊపిరంతా పైకప్పు కింద చేరి, తుప్పు చిల్లుల్లోంచి కొంచెం కొంచెంగా, మనిషి వెళ్లిపోయిన తర్వాత కూడా, ఎంతసేపైనా. ఎన్నిసార్లు చూశాను దాన్ని కింద నుంచి, మెరుస్తోంది అనుకున్నానే గానీ అది ఎక్కడికి పోతుందని ఒక్కసారైనా అనుకున్నానా. పైన కూర్చుని ఉంటే కదా. ఇంతసేపూ నేను ఖాళీ ఇంటి వంక చూస్తూ మొగుడున్నాడని కూర్చున్నాను. సరంగు తాళ్లు కోసే కత్తి నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలీదు. మాస్కు, నోటి గొట్టం, కాళ్ల రెక్కలు, "వదినా మీకు జలుబు" అంటున్నాడు, "చెవి" అంటున్నాడు, కట్టుకోవడానికి రెండో సిలిండరు లేదు, ఉన్నా కట్టుకునే ఓపిక లేదు. దూకాను. నీళ్లు మూసుకున్నాయి, మాట ఆగింది. పైన బోర్లా తేలుతూ కొట్టుకుంటూ వెళ్తున్నాను, నా కింద లాంచీ, పసుపు చేపలు పొట్లం విప్పినట్టు చెదిరాయి, పైకప్పు చిల్లుల్లోంచి ముత్యాల్లా అవే బుడగలు, దొంగముండలు, నా పొట్టకి తగిలి పగులుతున్నాయి. కిటికీల్లో వల లేదు, శుభ్రంగా కోసేశాడు. హాల్లో ఎవరూ లేరు. టికెట్ల గదిలో మచ్చల చేప ఉంది. ఆయన లేడు. వెనక్కి వెళ్లు, వెనక కోస్తానన్నాడు, ఎండ వైపు, వెళ్లు.

ఉన్నాడు. వెనక భాగం ఒంపు కింద, చుక్కాని పక్కన, వీపు వలకి అతుక్కుపోయి, గోడకి వేలాడదీసిన చొక్కాలా ఉన్నాడు. పట్టీలు విప్పుకోనివ్వకుండా వల సిలిండరు మెడకి చుట్టుకుంది, సరిగ్గా వీపు మధ్య, ఆయన చెయ్యి ఏనాడూ అందని చోట. కత్తి కింద ఇసుకలో పడి ఉంది. గింజుకోవడం లేదు. గింజుకుంటే గాలి తొందరగా అయిపోతుందని కదలకుండా, కళ్లు మూసుకుని, తక్కువ తక్కువగా పీలుస్తున్నాడు, చాలాసేపటికి ఒక్క బుడగ, అది కూడా ఒంపు వెంట జారి ఎండలోకి పోతోంది. ఆగి, ఆగి, వస్తోంది. ఆయన ఊపిరి. గొట్టం ఉమ్మేసి, ఉన్న గాలంతా పీల్చుకుని తలకిందులుగా దిగాను. ముక్కు నొక్కి ఊదాను, చెవికి అందలేదు. మళ్లీ ఊదాను, అందలేదు. చెవిలో సూది దిగింది, సూది మేకు అయింది, ఇంకొంచెం కిందికి, వెనక్కి పొమ్మని ఒళ్లంతా అరుస్తోంది, పోను, పొద్దున తట్టని భుజం అదిగో అక్కడ ఉంది. టప్‌మని ఏదో తెగింది. నొప్పి పోయింది, చల్లగా నీళ్లు తల లోపలికి వచ్చాయి. భుజం తట్టాను. కళ్లు తెరిచాడు. నన్ను చూసి, ఆ స్థితిలో కూడా, నా ముక్కు వైపు వేలు చూపించి తిట్టబోయాడు. నేను ఆయన వీపు వెనక తాడు పోగులు దొరకబుచ్చుకుని కోశాను, ఒకటి, ఇంకొకటి, ఇంకాస్త పైకి, కాదు కిందికి, ఆఁ అక్కడ. వదిలింది.

అప్పుడు లోకం తిరగడం మొదలుపెట్టింది. చెవిలోకి చల్లనీళ్లు పోతే తల తిరుగుతుంది, ఇది కూడా నేను చెప్పే పాఠమే, కానీ ఇలా తిరుగుతుందని ఎప్పుడూ చెప్పలేదు. ఇసుక పక్కకి వచ్చింది, చుక్కాని నెత్తి మీదికి వచ్చింది, లాంచీ గానుగలా తిరుగుతోంది, పైన ఏదో కింద ఏదో తెలియడం లేదు, గుండెల్లో గాలి అయిపోయింది, ఈదుతున్నాను, ఎటు ఈదుతున్నానో దేవుడికే తెలియాలి. నా మణికట్టుని ఆయన పట్టుకున్నాడు. తన నోట్లో మిగిలిన ఆఖరి ఊపిరిని నా కళ్లెదుట వదిలాడు. ఒక గుప్పెడు బుడగలు. అవి నా మొహం మీదుగా, నేను పక్క అనుకుంటున్న వైపు, తడుముకోకుండా వెళ్లిపోయాయి. అటే పైకి. ఆయన చెయ్యి వదలకుండా వాటి వెంట వెళ్లాను.

పడవలోకి ఎలా ఎక్కామో సరంగుకి తెలుసు, నాకు తెలీదు. చెక్క మీద వెల్లకిలా పడి ఉన్నాను, ఆకాశం ఇంకా తిరుగుతోంది, ఎడమ చెవిలో సముద్రం మోగుతోంది, బయటి మాటలు కుడి చెవిలోకి మాత్రం వస్తున్నాయి. పక్కన ఆయన మోకాళ్ల మీద కూర్చుని దగ్గుతున్నాడు. తిట్టాలి, చాలా ఉన్నాయి తిట్టడానికి, నోట్లో ఉప్పు తప్ప ఏమీ లేదు. అత్తగారు మమ్మల్ని చూస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ అసలు చూడటమే లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, తడుముకుంటూ వచ్చి, అరచెయ్యి కొడుకు ముక్కు కింద పెట్టింది. పెట్టి అలాగే ఉంచింది. "అమ్మా, బాగానే ఉన్నానే" అన్నాడు ఆయన. "నోర్ముయ్, ఊపిరి వదులు" అంది. వదిలాడు. మళ్లీ వదులు అంది, మళ్లీ వదిలాడు. అప్పుడు ఆ చెయ్యి తడుముకుంటూ నా మొహం మీదికి వచ్చింది, తడి జుట్టు, నుదురు, కళ్లు, ముక్కు. ముక్కు కింద ఆగింది.

"నీది రావట్లేదే. అమ్మాయ్. రావట్లేదే!"

జలుబు అత్తయ్యా అని చెప్పబోయాను, గొంతు రాలేదు. "దిబ్బడేసిందమ్మా దానికి" అన్నాడు ఆయన దగ్గుతూనే. ఆవిడ వినలేదు. కళ్లు తెరవలేదు. రెండో చెయ్యి నా గెడ్డం కింద పెట్టి, "నోరు తెరువు, నోటితో వదలవే, నా తల్లి కదూ" అంది. అవతల లాంచీ పైకప్పు ఇంకా కారుతూనే ఉంది, సరంగు తప్ప ఎవరూ అటు చూడటం లేదు. నేను నోరు తెరిచి, ఆవిడ అరచేతిలోకి ఊపిరి వదిలాను.